ముసలి పిల్లి నిద్ర: వయసు ఎంత, జబ్బు ఎంత?

పిల్లికి పదేళ్లు దాటాయంటే ఇంట్లో ఒక మాట తరచూ వినపడుతుంది: "పెద్దదైపోయింది కదా, అందుకే ఎప్పుడూ పడుకునే ఉంటోంది." వయసుతో పాటు నిద్ర పెరగడం, తిరుగుడు తగ్గడం నిజమే. అయితే అంతటితో సరిపెట్టుకోవడం వల్ల కీళ్లనొప్పి, థైరాయిడ్, కిడ్నీ జబ్బు, బీపీ లాంటివి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోతున్నాయి. వీటిలో చాలావాటికి మందులున్నాయి. కాబట్టి ముసలి పిల్లి ఎన్ని గంటలు పడుకుంటోందన్న లెక్క ఒక్కటే సరిపోదు. ఎక్కడ పడుకుంటోంది, ఎలా పడుకుంటోంది, ఏ వేళలో మేలుకుంటోంది, లేచాక ఏం చేస్తోంది అన్నవే అసలు సంగతి చెబుతాయి.

ఈ విషయంలో మన ఇళ్లకు పాత అనుభవం తోడు లేదు. ఊళ్లలో పిల్లి అంటే ఇంటా బయటా తిరిగేది. కుక్కల బారిన పడో, బండి కింద పడో, మందు తిన్న ఎలుకను తినో చాలావరకు ముసలితనం రాకముందే పోయేది. లేదా ఒకరోజు నుంచి కనపడేది కాదు. ఆవు పళ్లు చూసి వయసు చెప్పగల పెద్దవాళ్లున్న ఇళ్లలో కూడా పన్నెండేళ్ల పిల్లి ఎలా ఉంటుందో దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. ఇప్పుడు ఫ్లాట్లలో పెరుగుతూ, టీకాలు వేయించుకుని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన పిల్లి పదిహేనేళ్లు బతకడం వింతేమీ కాదు. పిల్లిని పెంచడం తెలిసిన ఇళ్లు కూడా ముసలి పిల్లిని చూసుకోవడం కొత్తగా నేర్చుకోవాల్సి వస్తోంది.

మామూలు నిద్ర ఎలా ఉంటుంది

ఎదిగిన పిల్లి రోజుకు సుమారు 12 నుంచి 16 గంటలు పడుకుంటుంది. మనిషిలా ఒకే విడతలో పడుకోదు, పగలూ రాత్రీ చిన్న చిన్న కునుకులు తీస్తుంది. అందులో ఎక్కువ భాగం తేలిక నిద్రే. కళ్లు మూసుకునే ఉంటుంది, చెవులు మాత్రం చప్పుడు వచ్చిన వైపు తిరుగుతుంటాయి. వంటింట్లో చేపల సంచి విప్పిన శబ్దం చాలు, క్షణంలో అక్కడుంటుంది. గాఢనిద్రలోకి జారినప్పుడు ఒళ్లు వదులై పక్కకు ఒరిగిపోతుంది. ఆ తర్వాత కాసేపు మీసాలు, పంజాలు చిన్నగా అదురుతాయి. మనుషుల్లో కలలు వచ్చే నిద్ర లాంటిదే ఇది. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో నిద్ర పరిశోధకుడు మిషెల్ జువే 1959 ప్రాంతంలో పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ దశను విడదీసి చూపించారు. మెదడు మేలుకున్నంత చురుగ్గా ఉంటూ కండరాలు పూర్తిగా వదులైపోతాయి కాబట్టి దానికి పారడాక్సికల్ స్లీప్ (విరుద్ధ నిద్ర) అని పేరు పెట్టారు. మెదడు కాండంలో కండరాలను అలా అదుపులో ఉంచే భాగం దెబ్బతిన్న పిల్లులు నిద్రలోనే లేచి, లేని ఎలుకను వేటాడుతున్నట్టు కదిలాయి. మనిషి నిద్ర గురించి ఈ రోజు తెలిసినదానిలో గణనీయమైన భాగానికి పునాది పిల్లుల మీద జరిగిన ఇలాంటి పరిశోధనలే.

పిల్లి రాత్రంతా తిరిగే జంతువని చాలామంది అనుకుంటారు. దాని ఒంట్లోని గడియారం నిజానికి తెల్లవారుజాముకూ పొద్దుగూకే వేళకూ కట్టుబడి ఉంటుంది. ఇంటి పిల్లికి మూలమైన ఆఫ్రికా అడవిపిల్లి ఆ వేళల్లో చురుగ్గా వేటాడుతుంది. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం సుమారు 9,500 ఏళ్ల నాటిది. అన్ని వేల ఏళ్లు మనుషుల దగ్గర గడిపినా ఆ వేళలు మాత్రం పోలేదు. అయితే ఇంటి పద్ధతిని బట్టి కొంత సర్దుకుంటుంది. ఇటలీలోని మెస్సీనాలో పరిశోధకులు రెండు రకాల ఇళ్లలో పిల్లుల కదలికలను నమోదు చేశారు. యజమానులకు దగ్గరగా మెలిగే పిల్లులు వాళ్ల దినచర్యకు దాదాపు అలవాటుపడగా, రాత్రిళ్లు బయట వదిలిన పిల్లులు రాత్రి తిరుగుళ్లకే మొగ్గాయి. పిల్లి ఏ వేళకు మేలుకుంటోందన్నది దాని వయసుతో పాటు ఆ ఇంటి అలవాట్లను కూడా బట్టి ఉంటుందన్నమాట. ఇంట్లో ఒకరు నైట్ షిఫ్ట్‌కు మారినా పిల్లి వేళలు మారవచ్చు. దాన్ని జబ్బనుకోనక్కర్లేదు.

వెచ్చదనం మీద మోజు కూడా పుట్టుకతో వచ్చిందే. వంట లేని ఇంటిని "పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటారు. ఆ మాట వెనుక ఉన్నది కట్టెపొయ్యి బూడిదలో వెచ్చగా పడుకునే పిల్లే. ఒంటి వేడిని నిలుపుకోవడానికి అదనంగా శక్తి ఖర్చు చేయనక్కర్లేని వాతావరణం పిల్లికి సుమారు 30 నుంచి 38 డిగ్రీల సెల్సియస్. మనకు ఉక్కపోసే గది దానికి హాయి. వయసు పెరిగి కొవ్వు, కండ తగ్గేకొద్దీ ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో ముసలి పిల్లులు ఇన్వర్టర్ మీదో, సెట్‌టాప్ బాక్స్ మీదో కనిపిస్తాయి.

కూన నుంచి పదేళ్ల దాకా

పుట్టిన కూనకు పాలు తాగే సమయం తప్ప రోజంతా నిద్రే. కళ్లు తెరుచుకోవడానికే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ నిద్రలో సింహభాగం మీసాలు, పంజాలు అదిరే రకమే, మెదడు ఎదుగుదలకు అది అవసరం. నెల దాటాక ఆట మొదలై మూడు నాలుగు నెలల వయసుకు ఇల్లు పీకి పందిరి వేస్తుంది. ఏడాది, రెండేళ్ల పిల్లి తెల్లవారుజామున ఉన్నట్టుండి హాలంతా పరుగులు పెడితే కంగారుపడాల్సింది లేదు. వేట లేని ఇంట్లో మిగిలిపోయిన ఉత్సాహం అది. సాయంత్రం కాసేపు ఆడించి, ఆ వెంటనే తిండి పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యాక తిరుగుడు తగ్గుతుంది, శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది. తిండి మాత్రం అంతే పెడుతుంటారు. నాలుగేళ్లకే ఆరు కిలోలై సోఫా దిగని పిల్లి విషయంలో వయసుకు ఏ పాత్రా లేదు.

పిల్లి మొదటి ఏడాదిని మనిషి 15 ఏళ్లతో, రెండేళ్లు నిండేసరికి 24తో, ఆ తర్వాత ప్రతి ఏడాదినీ నాలుగేళ్లతో పోల్చడం పశువైద్యుల్లో వాడుక. ఆ లెక్కన పదేళ్ల పిల్లి 56 ఏళ్ల మనిషితో, పదిహేనేళ్లది 76 ఏళ్ల మనిషితో సమానం. అమెరికాలోని రెండు పశువైద్య సంఘాలు 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు ఏడు నుంచి పదేళ్ల దాకా ముదురు వయసుగా, పదేళ్లు దాటితే వృద్ధాప్యంగా లెక్కవేశాయి. ఏడో ఏట నుంచే మార్పు మొదలవుతుంది కానీ రోజూ చూసే కళ్లకు తెలియదు. ఆట పది నిమిషాల నుంచి ఐదు నిమిషాలవుతుంది, కునుకు పావుగంట పెరుగుతుంది. ఇలా ఏళ్ల మీద, మెల్లగా, తిండి, బరువు, శుభ్రత, మనుషులతో చనువు మారకుండా వచ్చే మందగమనం వయసుదే. రెండు మూడు వారాల్లోనో, ఒకటి రెండు నెలల్లోనో తేడా కొట్టొచ్చినట్టు కనపడితే దాన్ని వయసు ఖాతాలో వేయకూడదు.

కీళ్ల సంగతి

ముసలి పిల్లి ఎక్కువగా పడుకోవడానికి అందరూ మరిచిపోయే కారణం కీళ్ల అరుగుదల. అమెరికాలోని నార్త్ కరోలినాలో పన్నెండేళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో 90 శాతం పిల్లుల్లో కీళ్లు అరిగిన గుర్తులున్నాయి. ఎక్స్‌రేలో గుర్తు ఉన్న ప్రతి పిల్లికీ నొప్పి ఉంటుందని కాదు. కానీ వాటిలో చాలా తక్కువ పిల్లులకే అంతకుముందు ఆ జబ్బు ఉన్నట్టు వైద్య రికార్డుల్లో రాసి ఉంది.

దానికి కారణం పిల్లి తీరే. కుక్కకు కాలు నొప్పి చేస్తే కుంటుతుంది, మూలుగుతుంది. పిల్లికి అరుగుదల చాలాసార్లు రెండు వైపులా ఒకేలా వస్తుంది కాబట్టి ఒక కాలు ఎత్తి కుంటడం ఉండదు. పైగా అడవిలో తనకంటే పెద్ద జంతువులకు ఆహారమయ్యే ప్రాణి అది. బలహీనత బయటపెట్టుకోకపోవడం దాని రక్తంలోనే ఉంది. నొప్పి చేసే పనిని మానేస్తుంది, అంతే. ఆ మానేసిన పనులన్నీ కలిపితే ఇంట్లోవాళ్లకు "ఎక్కువ పడుకోవడం"గా కనపడుతుంది.

కాబట్టి చూడాల్సింది దూకే తీరు. నొప్పి లేని పిల్లి సోఫా మీదికి ఒక్క ఉదుటున ఎక్కుతుంది. కీళ్లు పట్టేసిన పిల్లి సోఫా ముందు ఆగుతుంది. పైకి చూస్తుంది. వెనక కాళ్లు అటూ ఇటూ సర్దుకుంటుంది. అప్పుడు ముందు పంజాలు పైన ఆనించి, గోళ్లు బట్టలో దించి ఒంటిని పైకి లాక్కుంటుంది. దిగేటప్పుడు ముందు కాళ్లు సోఫా అంచు వెంట వీలైనంత కిందికి జార్చి, ఆ తర్వాత దబ్బున దిగుతుంది. బీరువా మీద పడుకునే పిల్లి మంచానికి, మంచం మీద పడుకునేది నేల మీద చాపకు దిగివస్తే అది అలవాటు మార్చుకుందని అనుకోకూడదు. ఎక్కలేకపోతోందేమో చూడాలి. పైకి దూకడం, కిందికి దూకడం, మెట్లెక్కడం, మెట్లు దిగడం, పరుగెత్తడం, కదిలే వస్తువు వెంటపడటం. ఈ ఆరింటిలో ఏవి కష్టమవుతున్నాయని అడిగే చిన్న ప్రశ్నావళినే పశువైద్య పరిశోధకులు పిల్లుల కీళ్లనొప్పిని పసిగట్టడానికి తయారుచేశారు. ఇంట్లోవాళ్లకు తప్ప డాక్టరుకు ఈ ఆరూ తెలిసే దారి లేదు.

మరికొన్ని గుర్తులు ఒంటి మీదే ఉంటాయి. నడుము తిప్పి నాకలేకపోవడం వల్ల వెనక భాగంలో బొచ్చు అట్టకడుతుంది. గోళ్లు గీరుకోవడం మానేయడంతో అవి మందంగా పెరిగి, ఒక్కోసారి ఒంపు తిరిగి పాదం మెత్తల్లోకి గుచ్చుకుంటాయి. టైల్స్ మీద నడుస్తుంటే గోళ్ల చప్పుడు టకటక వినపడుతుంది. ఇసుక తొట్టి అంచు ఎత్తుగా ఉంటే దాని పక్కనే మలవిసర్జన చేస్తుంది. ఈ ఒక్క కారణంతోనే ఎన్నో ముసలి పిల్లులు తిట్లు తింటున్నాయి, కొన్ని వీధిపాలవుతున్నాయి. పదేళ్లు పద్ధతిగా ఉన్న పిల్లి ఉన్నట్టుండి నేల పాడుచేస్తోందంటే దాన్ని కొట్టే ముందు దాని కాళ్లు చూడాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. నొప్పి అనగానే ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర, అదే మనం జ్వరానికి వేసుకునే డోలో, క్రోసిన్ లాంటిది, పిల్లికి ఎన్నడూ వేయకూడదు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. నాలుగు కిలోల పిల్లి ప్రాణం తీయడానికి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు. చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరగడం, మొహం వాయడం, ఊపిరి అందకపోవడం దాని లక్షణాలు. పిల్లి నొప్పికి పశువైద్యులు వాడే మందులు వేరు. మోతాదు దాని బరువును, కిడ్నీల స్థితిని బట్టి ఉంటుంది.

నిద్ర తగ్గితే

ఎక్కువ పడుకునే పిల్లి గురించి కనీసం కాస్త టెన్షన్ పడతారు. పన్నెండేళ్ల పిల్లి మళ్లీ కూనలా హుషారుగా తిరుగుతుంటే మాత్రం ఇల్లంతా సంబరపడుతుంది. నిజానికి ఎక్కువ అనుమానించాల్సింది ఈ రెండోదాన్నే. బాగా తింటూ చిక్కిపోవడం, కుదురుగా ఒకచోట పడుకోలేకపోవడం, రాత్రిళ్లు అరవడం, చలికాలంలో కూడా బాత్రూమ్ బండల మీద చల్లదనం వెతుక్కోవడం, గుండె దడదడ కొట్టుకోవడం. ఇవి థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోందనడానికి గుర్తులు. పిల్లుల్లో ఈ జబ్బును న్యూయార్క్ వైద్యులు 1979లో మొదటిసారి వివరంగా నమోదు చేశారు. పాశ్చాత్య దేశాల అంచనాల ప్రకారం పదేళ్లు దాటిన పిల్లుల్లో దాదాపు పదింట ఒకదానికి వస్తుంది. రక్తంలో టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ పరీక్షతో చాలావరకు తేలిపోతుంది. మెథిమజోల్ లాంటి మాత్రలతో అదుపులో ఉంటుంది. ఒక చిక్కు ఉంది: థైరాయిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు కిడ్నీలకు రక్తం ఎక్కువగా అంది, వాటి బలహీనత పైకి తెలియదు. మందు మొదలుపెట్టాక బయటపడుతుంది. అందుకే డాక్టర్లు రెండు పరీక్షలూ కలిపి, మళ్లీ మళ్లీ రాస్తారు. డబ్బు గుంజడానికే అనుకుని మధ్యలో మానేయడం పిల్లికే నష్టం.

అర్ధరాత్రి అరుపులకు ఇంకా కారణాలున్నాయి. చెవులు వినపడని పిల్లి తన గొంతు తనకు తెలియక పెద్దగా అరుస్తుంది. బీపీ పెరిగిన పిల్లికి కంటి వెనక పొర ఊడి రాత్రికి రాత్రే చూపు పోవచ్చు. గోడలకు తగులుతూ, కనుపాపలు పెద్దవై అరుస్తున్న పిల్లిని అదే రోజు డాక్టరు దగ్గరికి చేర్చాలి. త్వరగా వెళితే కొంత చూపు దక్కే అవకాశం ఉంది. దానికి వాడేది మనుషుల బీపీకి ఇచ్చే అమ్లోడిపిన్ మందే. మోతాదు మాత్రం డాక్టరే చెప్పాలి.

ఇవేవీ కావని తేలాక మిగిలేది మెదడు ముసలితనం. పగలంతా పడుకుని రాత్రి గదుల వెంట గమ్యం లేకుండా తిరుగుతుంది. మూలకు వెళ్లి ఎటు రావాలో తెలియనట్టు నిలబడిపోతుంది. తిన్న పది నిమిషాలకే తిననట్టు గిన్నె దగ్గర కూర్చుంటుంది. పశువైద్యంలో తరచూ ఉదహరించే అంచనా ప్రకారం 11 నుంచి 14 ఏళ్ల పిల్లుల్లో 28 శాతానికి, పదిహేను దాటినవాటిలో సగానికి ఇలాంటి మార్పు కనీసం ఒకటైనా ఉంటుంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో ప్రచురించిన పరిశీలనలో, ముసలి పిల్లుల్లోనూ మతిమరుపు లక్షణాలున్న పిల్లుల్లోనూ మెదడు కణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట అమైలాయిడ్ బీటా పేరుకుని ఉంది. మనుషుల అల్జీమర్స్‌లో పేరుకునే ప్రోటీన్ కూడా అదే. దీన్ని నయం చేసే మందు లేదు. తిండి, నిద్ర వేళలు మార్చకపోవడం, సామాన్లు అటూ ఇటూ జరపకపోవడం, రాత్రి హాల్లో చిన్న బెడ్‌లైట్ వేసి ఉంచడం, పడుకోబోయే ముందు కాస్త తిండి పెట్టడం చాలా పిల్లులకు ఊరటనిస్తాయి. రాత్రి అరిచే పిల్లిని గదిలో పెట్టి తలుపు వేస్తే దాని భయం రెట్టింపవుతుంది.

నిద్రలోనే కనిపెట్టగలిగేవి

కిడ్నీ జబ్బు ముసలి పిల్లుల్లో చాలా మామూలు. నీళ్ల గిన్నె త్వరగా ఖాళీ అవడం, ఇసుక తొట్టిలో మూత్రంతో తడిసిన గడ్డలు పెద్దవవడం నిద్రమత్తు కంటే ముందే కనపడతాయి. నీళ్లు ఎక్కువ తాగుతోందని సంతోషించకూడదు.

గుండె జబ్బును పట్టుకోవడానికి ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు, ముట్టుకోకుండా, ఛాతీ ఎన్నిసార్లు లేచి పడుతోందో నిమిషం పాటు లెక్కపెట్టాలి. లేచి పడటం కలిపితే ఒకటి. మీసాలు అదురుతున్నప్పుడు ఊపిరి తడబడుతుంది కాబట్టి అప్పుడు లెక్కపెట్టకూడదు. నిమిషానికి 30 లోపు ఉంటే మామూలు. మళ్లీ మళ్లీ లెక్కపెట్టినా 30 దాటుతుంటే ఆలస్యం చేయకూడదు. ఊపిరి ఆడని పిల్లి పక్కకు ఒరిగి పడుకోదు. మెడ ముందుకు చాచి, మోచేతులు ఎడంగా పెట్టి గొంతుక్కూర్చునే కునుకు తీస్తుంది. చూసేవాళ్లకు అది బుద్ధిగా కూర్చున్నట్టే ఉంటుంది.

తిండి విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చాలా తెలుగు ఇళ్లలో పిల్లికి పెట్టేది పాలు, పెరుగన్నం. బయట తిరిగే పిల్లి ఎలుకనో, బల్లినో పట్టి లోటు పూడ్చుకునేది. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఆ వీలు లేదు. మాంసంలో దొరికే టౌరిన్ అనే పోషకం అందకపోతే కంటి పొర చెడుతుంది, గుండె కండరం బలహీనపడి సాగిపోతుంది. రెండోదాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1987లో నిరూపించారు. ఆ తర్వాత కంపెనీలు పిల్లి తిండిలో టౌరిన్ పెంచాయి. ఏళ్ల తరబడి పెరుగన్నం మీదే బతికిన పిల్లి నీరసంగా పడుకుంటోందంటే డాక్టరుకు ఆ సంగతి కూడా చెప్పాలి. శాకాహారం తినే కుటుంబాలకు ఇది ఇబ్బందే. కానీ పిల్లి శరీరానికి మాంసం తప్పనిసరి. రెడీమేడ్ పిల్లి తిండితో ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

బరువు నెలకోసారి చూడటం మంచిది. పిల్లిని ఎత్తుకుని ఇంట్లోని వేయింగ్ మెషీన్ మీద నిలబడి, తర్వాత మనిషి బరువు తీసేస్తే చాలు. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో పదో వంతు పోయినట్టే. పర్షియన్ లాంటి గుబురు బొచ్చు పిల్లుల్లో ఈ తగ్గుదల కంటికి ఆనదు. వెన్నెముక మీద వేళ్లతో నిమిరితే ఎముకలు తగులుతాయి.

సోఫా పక్కన పీట, మంచం పక్కన స్టూల్ వేస్తే ఎక్కడం మానేసిన పిల్లి కొన్నిసార్లు మళ్లీ ఎక్కుతుంది. మార్బుల్ మీద కాళ్లు జారకుండా నడిచే దారిలో గోనెపట్టా గానీ పాత యోగా మ్యాట్ గానీ పరచవచ్చు. ఇసుక తొట్టికి ఒకవైపు అంచు కోసి గడప ఎత్తు తగ్గించాలి. పట్టు తప్పే వయసులో పిట్టగోడ, బాల్కనీ రెయిలింగ్ ప్రమాదకరం కాబట్టి వల కట్టించడం మేలు.

పదేళ్లు దాటిన పిల్లిని ఆరు నెలలకోసారి చూపించాలని పశువైద్యులు చెబుతారు. రక్తం, మూత్రం, టీ4, బీపీ అన్నీ ఒకే విడతలో చూస్తే ఒకటి మరొకదాన్ని కప్పిపెట్టే అవకాశం తగ్గుతుంది. అయితే క్లినిక్‌లో బుట్ట తెరవగానే పిల్లి టేబుల్ మీద ముద్దలా ముడుచుకుపోతుంది. నడవదు, దూకదు, రాత్రి అరిచినట్టు అరవదు. అందుకే వెళ్లే ముందు వారం రోజుల్లో ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు తీసి పెట్టుకోవాలి: మెట్లు దిగడం, సోఫా ఎక్కడం, తొట్టిలోకి వెళ్లడం, నిద్రలో ఊపిరి, రాత్రి తిరుగుడు. గ్యాలరీలో రెండేళ్ల కిందటి పాత వీడియో ఒకటి దొరికితే దాన్ని కూడా చూపించాలి. అదే ఎత్తును అప్పుడెలా దూకిందో, ఇప్పుడెలా ఎక్కుతోందో పక్కపక్కనే చూస్తే కీళ్లను ముందు చూడాలో, రక్త పరీక్షతో మొదలుపెట్టాలో డాక్టరు అక్కడికక్కడే నిర్ణయించుకోగలుగుతారు.